నలభై ఏళ్లూ ఒకే చేతిరాత

ఏవ్రిల్ స్క్రిమ్‌షా ముప్ఫై ఏళ్లు బడి ఆఫీసులో హాజరు పట్టీలు చూసింది. రిటైరయ్యాక నవల మొదలుపెట్టింది. దానికి పదకొండేళ్లు పట్టింది.

నవలలో ఈ కాలపు ఉపాధ్యాయురాలు ఒకామె ఆష్‌మియర్ చర్చి రిజిస్టరు తిరగేస్తుంది. మొదటి ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన ఏడాది నుంచి నలభై ఏళ్లపాటు, పుట్టినవాళ్లూ పోయినవాళ్లూ అంతా ఒకే చేతిరాత. ప్రతి పేజీ అడుగునా అవే మూడు సంతకాలు. పాదిరీ జోన్ అనే పనిమనిషిని చంపి, ఇద్దరు తోడుదొంగలతో కలిసి రిజిస్టరంతా తిరగరాసి, ఆ హత్యను మాయం చేశాడని ఆమె కనిపెడుతుంది.

చేతిరాత, సంతకాలు ఏవ్రిల్ కల్పన కాదు. ఆమె ఉండే ఊరు ఆష్‌మియరే, అక్కడి రిజిస్టరు నిజంగా అలాగే ఉంది. నవల శుక్రవారం అచ్చుకి వెళ్లాలి.

మంగళవారం ఆ చర్చిలో ఇత్తడి దీపస్తంభాలు తోముతూ, కథ గుట్టు డెనిస్ టెబట్‌కి చెప్పింది. చర్చి తాళాలు అతని దగ్గరే ఉంటాయి.

"ఒకే చేతిరాతా? చాలా ఊళ్లలో అంతేగా," అన్నాడు డెనిస్. "కాగితం రిజిస్టర్లు చివికిపోతున్నాయని ఆ ఎలిజబెత్ రాణి చివరి రోజుల్లో అన్నిటినీ తోలు పత్రాల మీదికి ఎత్తి రాయించారు. నకలు సరిగ్గా ఉందని పాదిరీ, ఇద్దరు చర్చి పెద్దలు పేజీ పేజీకీ సంతకం పెట్టాలి."

ఏవ్రిల్ గుడ్డ కింద పెట్టింది.

"ఎనిమిదేళ్లుగా ఆ రిజిస్టరు ఫొటోలు నాకు తీసిస్తున్నావు. ఒక్కసారి చెప్పాలనిపించలేదా?"

"నువ్వడగలేదుగా. అందులో మీ తాతముత్తాతల్ని వెతుక్కుంటున్నావనుకున్నా."

"మా వాళ్లది ఇక్కడ కాదు, యార్క్‌షైర్, డెనిస్."

"అందుకే దొరకట్లేదనుకున్నా."

ఇంటికెళ్లి లండన్‌లోని ప్రచురణ సంస్థకి ఫోన్ చేసింది. సంపాదకురాలు ఇమోజెన్ శాంతంగా విన్నది.

"వదిలేయండి ఏవ్రిల్ గారూ. చదివేవాళ్లలో ఎంతమందికి తెలుస్తుంది?"

"మా డెనిస్‌కి తెలుసు."

"ఆయనొక్కడేగా."

"ఇంగ్లండులో ప్రతి చర్చికీ ఒక డెనిస్ ఉంటాడమ్మాయ్. వాళ్లంతా ఉత్తరాలు రాస్తారు."

"శుక్రవారం దాటితే మళ్లీ వచ్చే ఏడాదే. అప్పటికి నేనిక్కడ ఉంటానో లేదో."

ఏవ్రిల్‌కి డెబ్భై మూడేళ్లు. పుస్తకం మీద తన పేరు ఎలా ఉంటుందో అట్ట నమూనాలో చూసుకుంది కూడా.

"చేతికి నొప్పి పుట్టేదాకా నలభై ఏళ్ల చావులు ఎత్తిరాసిన మనిషిని హంతకుణ్ణి చేశాను," అంది. "అచ్చు ఆపి, నవల వెనక్కి పంపించేయ్."

ఫోన్ పెట్టేసి, తన దగ్గరున్న రాతప్రతి బల్ల మీదికి లాక్కుంది. పాదిరీ నేరం ఒప్పుకునే అధ్యాయం మొత్తం కొట్టేసింది. తోడుదొంగలు చర్చి పెద్దలయ్యారు. కథలో ఇక మిగిలింది జోన్ శవమొక్కటే. పాదిరీ కాకపోతే ఆ పిల్లని చంపిందెవరో ఏవ్రిల్‌కి తెలీదు. పదకొండేళ్లలో ఆ ప్రశ్న ఒక్కసారీ వేసుకోనందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.