పెన్సిలుతో రాసిన సున్నా

ఇక్కడ పాలు పోసే సొరకాయ బుర్రలకు లోపల నిప్పుకట్టెతో పొగ పట్టిస్తారు. అందుకే పాలకు కాస్త కమురు వాసన ఉంటుంది. నేను అద్దెకుంటున్న ఇంటావిడ ఈ పొద్దున ఆ పాలతో టీ కాచింది. ఉత్తర కెన్యాలో, ఎండిన వాగు పక్కన ఉన్న ఈ చిన్న ఊళ్లో ఆ వాసన నాకు కొత్త కాదు. కానీ ఇవాళ మాత్రం పలమనేరు దగ్గరి ఒక రేకుల కొట్టం, కట్టెల పొయ్యి మీద అడుగంటిన జున్ను గుర్తొచ్చాయి. వాటి వెనకే ఖాదర్ సాబ్ మనసులోకి వచ్చారు. గదిలో ఇటూ అటూ తిరుగుతున్నాను. బల్ల మీద కరువు ఇళ్ల వివరాలు రాసిన ఫారాల కట్ట ఉంది. మధ్యాహ్నంలోగా పంపమని మా సంస్థ ఆఫీసు రెండుసార్లు గుర్తు చేసింది. వాటిలో చాలా ఇళ్లకు 'ఈ నెల పాలు' అన్న గడిలో సున్నా ఉంది. ఖాదర్ సాబ్‌ను ఎరగనివాళ్లకు, వాటిని పంపడానికేం కష్టమో అర్థం కాదు.

పదేళ్ల కిందట నేను బెంగళూరులో ఒక ఫైనాన్స్ కంపెనీ హెడ్డాఫీసులో ఉండేదాన్ని. పాడి ఆవులు కొనుక్కోవడానికి పల్లెవాళ్లకు అప్పులిచ్చే కంపెనీ. మాది పుత్తూరు, నాయనకు బట్టల అంగడి. బజారులో అడ్డంగా పడుకున్న ఆవును తప్పించుకుని పోవడం తప్ప నాకు పశువుల గురించి ఓనమాలు తెలియవు. అలాంటి నేను, ఎవరింటికి ఆవు రావాలో ఎవరింటికి రాకూడదో తేల్చే సూత్రం రాశాను. పాల సెంటరులో వరుసగా రెండు నెలలు పాలు పోయని ఇంటికి అప్పు లేదు, అంతే. దానికి మీటింగులో చప్పట్లు కొట్టారు, జీతం పెంచారు. చప్పట్లు ఆగాక ఏదో గుబులు. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. రోజుకు మూడుసార్లు లిఫ్టు దిగి, రోడ్డు చివరిదాకా నడిచి, ఏ పనీ లేకుండా తిరిగొచ్చేదాన్ని. ఫోన్లో విదేశాల్లోని సేవా సంస్థల ఉద్యోగ ప్రకటనలు చదివేదాన్ని. ఎక్కడికో పోవాలి, ఎవరికో పనికొచ్చేది ఏదో చేయాలి. ఆ ఎక్కడో, ఆ ఏదో మాత్రం తెలిసేది కాదు.

ఖాదర్ సాబ్ మా పలమనేరు బ్రాంచిలో ఫీల్డాఫీసరు. అంతకు ముందు పాతికేళ్లు పశువుల డాక్టర్ల వెనక మందుల పెట్టె మోసిన మనిషి. చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏ ఆవు ఎప్పుడు ఈనిందో, ఏది తన్నుతుందో ఆయనకు నోటికి వచ్చు. నాకు మాత్రం మొదట ఆయన చేతిరాతే పరిచయం. ఆయన పంపే ఫారాల్లో అంకెలన్నీ నీలం పెన్నుతో ఉండేవి, సున్నాలు మాత్రం పెన్సిలుతో. పెన్సిలు గీత స్కానింగులో పడదు, గడి ఖాళీగా వస్తుంది, ఫారం ఆగిపోతుంది. ఒకరోజు విసుగొచ్చి ఫోన్ చేసి, ఇదేం పద్ధతని అడిగాను.

"పెన్సిలంటే ఇంకా పని అయిపోలేదని మేడం. ఎందుకు సున్నానో తెలుసుకున్నాక పెన్నుతో దిద్దుతా" అన్నారు.

ముసలాయన చాదస్తం అనుకుని నవ్వుకున్నాను. ఆ వారమే అన్ని బ్రాంచీలకూ సర్క్యులర్ పంపాను. పెన్సిలు రాతలు చెల్లవు, వివరాలు అడిగిన రోజే పెన్నుతో నింపి పంపాలి అని. కింద నా సంతకం. నేను పెట్టిన సంతకాలన్నిటిలో చెరిపేయాలనిపించేది అదొక్కటే.

మూడు నెలలకు ఆయనే ఫోన్ చేశారు. చెంగమ్మ అనే ఆమె ఫారం అప్పు కుదరదని హెడ్డాఫీసు నుంచి తిరిగొచ్చిందట. ఆమెకు ఒక ఆవుంది, ఇంకొకటి కొనాలనుకుంటోంది. పక్కింటివాళ్లు ఊరు వదిలిపోతూ తమ జెర్సీ ఆవును ఆమెకే అమ్ముతామని పదిరోజులు గడువు పెట్టారు. సాబ్ నన్ను ఒకసారి వచ్చి చూసిపొమ్మని మాత్రం అడిగారు, నా తప్పని అనలేదు. రెండు నెలలు సున్నాలున్న ఫారంలో చూడ్డానికేముంది అనుకుంటూనే బస్సెక్కాను. నిజం చెప్పాలంటే, ఆఫీసు నుంచి ఒకరోజు తప్పించుకునే సాకు దొరికిందని ఎక్కాను.

సాబ్ మోపెడ్ మీద చెంగమ్మ ఊరికి తీసుకెళ్లారు. ఇంటి ముందు దిగగానే నేను ఫైలు తీశాను. ఆయన దాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసుకుని బండి సంచిలో పెట్టేశారు. నేరుగా కొట్టంలోకి పోయి ఆవు వీపు మీద చెయ్యేసి నిలబడ్డారు. పక్కన గోధుమరంగు దూడ, ఇంకా కాళ్లు కుదరక ఊగుతోంది. చెంగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, సన్నగా, చురుగ్గా ఉంది.

"ఎన్ని దినాలయిందమ్మా ఈని?" అని అడిగారు సాబ్, తెలియనట్టే.

"అయిదు దినాలు సాబూ. రెండు నెలలు వట్టిపెట్టింటి గదా, పెయ్యదూడని ఏసింది. బంగారట్ల ఉండాది సూడు."

వట్టిపెట్టడమంటే ఏమిటని నేను అడిగాను. ఆమె నా వైపు చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పింది. ఆవు ఈనబోయే ముందు రెండు నెలలు పాలు పితకడం మానేస్తారట. కడుపులో దూడకు బలం రావాలి గదా అంది. ఈనాక వచ్చే జున్నుపాలు దూడకూ, చుట్టుపక్కల ఇళ్లకూ. పదకొండో రోజు ఆ పాలతో గంగమ్మకు పొంగలి పెట్టాకే సెంటరుకు పోస్తారు. ఇవన్నీ ఆ ఊళ్లో పదేళ్ల పిల్లకు తెలిసిన సంగతులు. నా సూత్రానికి తెలియవు. ఈనబోతున్న ప్రతి ఆవునూ నేను పాలివ్వని ఆవుల్లో కలిపేశాను. ఇంటికి మంచిరోజులు వస్తున్నాయని చెప్పే సున్నాను చూసి, ఈ ఇల్లు మునిగిపోతోందని తీర్మానించాను. పెన్సిలుతో ఉంటే, పాలు మళ్లీ మొదలయ్యేదాకా ఆ సున్నాకు ఊపిరి ఉండేది. దాన్ని పెన్నుతో రాయించింది నేనే.

చెంగమ్మ స్టీలు గిన్నెల్లో జున్ను తెచ్చింది. బెల్లం, మిరియాలు వేసి వండింది, అడుగంటి కొంచెం కమురు వాసన వేస్తోంది. ఒక ముక్క తిని గిన్నె కింద పెట్టేశాను. సిగ్గుతో ముఖం కాలిపోయింది. సాబ్ తన గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం అడిగి మరీ తిన్నారు.

మర్నాడు హెడ్డాఫీసులో మా పెద్దసారు దగ్గరికి పోయి సూత్రం తప్పని చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, వచ్చే సమీక్షలో చూద్దామన్నారు. ఈ ఒక్క ఫారానికైనా మినహాయింపు ఇవ్వమంటే, ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి కదా అన్నారు. రోజూ ఆయన గది చుట్టూ తిరిగాను. పక్కింటివాళ్ల గడువు ముగిసిన మర్నాడు పలమనేరు నుంచి ఫోన్ వచ్చింది. పక్కింటి ఆవును పొద్దున సంత బండి ఎక్కించారని చెప్పి, "పోయింది పాపా" అన్నారు సాబ్. ఆయన నన్ను మేడం అనకపోవడం అదే మొదటిసారి. ఆ పిలుపుకు సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

ఇక ఆ కుర్చీలో ఉండలేననిపించింది. అంతలోనే, ఆఫ్రికాలో కరువు ప్రాంతాల్లో పనిచేసే ఒక సహాయ సంస్థ నుంచి ఉద్యోగం ఖాయమైందని కబురొచ్చింది. రాజీనామా రాసుకుని, ముందుగా సాబ్‌కే చెబుదామని పలమనేరు పోయాను. శభాష్ అంటారని ఆశ. బస్టాండు పక్కన టీకొట్లో కూర్చున్నాం. నేను చెప్పిందంతా విన్నారు. గ్లాసు కింద పెట్టారు.

"ఆడ ఏం సేస్తావు?"

"సేవ" అన్నాను.

"ఈడ నువ్వు రాసింది ఈడనే ఉండాది. దాన్ని ఎవురు దిద్దాల?"

ఆయనే మళ్లీ అన్నారు. "పుణ్యం కోసరం పొయ్యేవాళ్లు అడగరు పాపా. ఇచ్చేసి వచ్చేస్తారు. నువ్వు పోతే అడిగేదానికి పో. పొయ్యేముందు నీ రాత నువ్వే దిద్దిపో."

నాకు ఒళ్లు మండిపోయింది. మోపెడ్ మీద తిరిగే మనిషికి ప్రపంచం గురించి ఏం తెలుసని, తిరుపతి బస్సులో పూతలపట్టు దాకా తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత తిట్లు అయిపోయాయి, ఆయన మాట మిగిలింది. పుత్తూరులో నాయనకు సంగతి చెబితే, "నీకేం ఇరిగిందని అంత దూరం కట్టు కట్టించుకోను పోతావుండావు?" అన్నాడు. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరున్న ఊరు మాది, మాకు అన్ని కష్టాలూ ఎముకల లెక్కలోనే తోస్తాయి. విరిగింది నాది కాదు, చెంగమ్మది.

సంస్థవాళ్లను బతిమాలి గడువు తీసుకుని, ఏడు నెలలు పాత కంపెనీలోనే ఆగాను. ఇష్టంగా కాదు, పళ్లు కొరుక్కుంటూ ఆగాను. పలమనేరు, పుంగనూరు ఊళ్లలో సాబ్ వెనక మోపెడ్ మీద తిరిగి, తిరిగొచ్చిన ఫారాల ఇళ్లకు పోయాను. ప్రతి ఇంట్లో ఆయన వరస ఒకటే. ముందు పశువును తాకాలి, తర్వాత దాని పేరు అడగాలి, ఇంటివాళ్లు ఇచ్చింది తాగాలి, కాగితం చివరన తీయాలి. నాకు ఓపిక చాలేది కాదు. చేయి సంచిలోకి పోతుంటే ఆయన దగ్గేవారు. చివరికి సూత్రం మారింది. సున్నా ఉంటే ఎందుకో కనుక్కునేదాకా ఫారం తిప్పి పంపకూడదని ఒక గడి, ఒక గడువు చేర్చారు. పెన్సిలును మాత్రం ఒప్పుకోలేదు. మరుసటి ఏడు చెంగమ్మకు అప్పు వచ్చింది, ఆవూ వచ్చింది. ఆమె మనసుపడ్డ ఆవు కాదది.

ఫైనాన్సు వదిలేసి గొప్ప పని చేశావని ఇప్పటికీ అంటుంటారు. వినడానికి బాగుంటుంది. నాకు తెలిసింది ఒకటే, కుర్చీ మారింది, గుబులు మారలేదు. ఇక్కడా గడులే, ఇక్కడా గడువులే, ఇక్కడా దూరాన కూర్చుని తేల్చేవాళ్లే. ఆ తేల్చేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఇక్కడికి వచ్చిన మొదటి రెండేళ్లు సాబ్‌తో తరచూ ఫోన్లో మాట్లాడేదాన్ని. ఒంటెల గురించి ఆయన అడిగిన ప్రశ్నలకు జవాబులు వెతకడానికే నేను సగం ఊళ్లు తిరిగాను. ఒకసారి మాటల్లో, చెంగమ్మ ఫారం తిప్పి పంపింది నేనేనని ఆమెకు ఎప్పటికైనా తెలిసిందా అని అడిగాను. ఆ జున్ను తిన్న రోజు నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న అది.

"ఆ దినం నువ్వు రాకముందే చెప్పినాను" అన్నారు.

"మరి జున్ను ఎందుకు పెట్టింది?"

"దూడ పుట్టిన ఇంటికి వచ్చినావు గదా పాపా" అన్నారు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

పోయిన వానాకాలంలో సాబ్ కన్నుమూశారు. వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేను పోలేకపోయాను. చెప్పుకోవడానికి సాకులున్నాయి, చెప్పను.

బల్ల మీది ఫారాల్లో ఒకటి నేను స్వయంగా రాసింది. మొన్న ఆ ఇంటికి పోయినప్పుడు ఇల్లాలు పాలు లేని టీ ఇచ్చింది. తాగి, సంచి తెరవకుండా, పాలెందుకు లేవని దుబాసీ చేత అడిగించాను. ఆవులు లేక కాదు. గడ్డి ఉన్న దూరపు చోటికి మగవాళ్లు తోలుకుపోయారు, పిల్లలు ఇక్కడే ఉండిపోయారు. ఈ సున్నా పలమనేరు సున్నా లాంటిది కాదు, ఇందులో ఏ శుభమూ లేదు. కానీ ఫారాలు ఇలాగే పోతే ఈ ఇళ్లన్నీ పశువులు లేని ఇళ్లుగా లెక్కకొస్తాయి. పిల్లలకు పాలు కావాల్సిన చోట, మేపు లేని నేల మీదికి మా సంస్థ పంచే మేకలు దిగుతాయి. తక్కిన ఇళ్లలో ఏం జరిగిందో నాకు తెలియదు. అడగలేదు కాబట్టి తెలియదు.

ఫారాలు ఇవాళ రావని, ఇంకో వారం పడుతుందని ఆఫీసుకు రాశాను. ఫోన్ మోగుతోంది, ఎత్తలేదు. ఇంటావిడ ఇచ్చిన టీ చివరి గుక్కదాకా తాగి, గ్లాసు కడిగి బోర్లించాను. సంచిలో పెన్సిలు ఉందో లేదో చూసుకుని, చెప్పులేసుకున్నాను.