పటాన్‌చెరు దాకా ఎవరూ కూర్చోని సీటు

మా సిస్టరమ్మ పోయిందని మొన్న గురువారం పొద్దున కబురు వచ్చింది. ఫోను ఎత్తింది మా బిడ్డ అనసూయే. "అట్లనా... ఎప్పుడు... సరే" అని మూడు ముక్కలు మాట్లాడి పెట్టేసి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. సిస్టరమ్మ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం అయిపోయి నాలుగేళ్ళు. సంగారెడ్డిలో తన ఇంట్లోనే, పూలకుండీలకు నీళ్ళు పోస్తూ పోస్తూ కూలబడిందట. గుండె ఆగిందన్నారు. తన కోసం ఎవరినీ ఆస్పత్రి మెట్లు ఎక్కనివ్వలేదు. మా వంటి వాళ్ళనందరినీ ఆ మెట్లు ఎక్కించి ఎక్కించి, తాను మాత్రం ఎక్కకుండానే వెళ్ళిపోయింది.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. ఇట్లా రాయడం అలవాటు లేదు. పోయినవాళ్ళ గురించి రాస్తే ఏడుపు రావాలంటారు. నాకేమో రాస్తుంటే సంతోషం పొంగి వస్తున్నది. చదివేవాళ్ళు తప్పుగా అనుకోవద్దు. నేను కూర్చున్న గది పక్కన వంటింట్లో అనసూయ పోపు వేస్తున్నది, వాళ్ళమ్మను కసురుకుంటున్నది. ఆ కసురు వినడానికి నా బిడ్డ నాకు మిగిలింది. ఎట్లా మిగిలిందో చెబితే సిస్టరమ్మ గురించి చెప్పినట్టే.

మాది ఇంద్రేశం. మా నాన్న కాలం దాకా ఇతరుల పొలాల్లో కూలి. నేను పటాన్‌చెరులో ఇనుము పోత పోసే కంపెనీలో చేరి ఇరవై రెండేళ్ళు చేశాను. అనసూయను సదాశివపేటలో ఇచ్చాం. ఇద్దరు పిల్లలు పుట్టాక, ముప్ఫై రెండేళ్ళ వయసులో, ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. వాళ్ళమ్మకు చెప్పాక కూడా నాదాకా వచ్చిన మాట "ఛాతిల ఏదో వాపంట" అనే. మా ఇళ్ళల్లో ఆ చోటుకు పేరు ఉండదు. సంగారెడ్డి డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా పట్నంలోని పెద్దాస్పత్రికి పొమ్మని చీటీ రాశాడు. పిల్లలతో సహా అనసూయను ఇంద్రేశం తెచ్చుకున్నాం.

అక్కడ తలుపు దగ్గర మొదట కనబడింది సిస్టరమ్మ. పొట్టి మనిషి, తెల్లచీర, చేతిలో ఫైళ్ళ కట్ట.

"ఏమైంది బిడ్డకు?" అని అడిగింది.

"ఛాతిల..." అని నేను నసిగాను.

"ఛాతి కాదన్నా, రొమ్ము. రొమ్ము కేన్సర్. పేరు పెట్టి పిలువకుంటె మందు ఎట్ల పెడ్తం?"

నాకు తల కొట్టేసినట్టయింది. అనసూయ మాత్రం, ఆరు నెలల్లో మొదటిసారి, తల ఎత్తి ఆమె మొహంలోకి చూసింది.

ఆ ఆస్పత్రిలో ఈ జబ్బును ఒక్క డాక్టరు చూడడు. అది నాకు వింతగా ఉండేది. ప్రతి మంగళవారం వాళ్ళంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆపరేషన్ చేసే సారు, సూదిమందు ఎక్కించే డాక్టరమ్మ, కరెంటు పెట్టే సారు. రేడియేషన్ అనేదాన్ని మేము కరెంటు అనే అంటాం. గడ్డలోంచి తీసిన ముక్కను అద్దం కింద చూసే ఇంకో డాక్టరమ్మ. చివరి కుర్చీలో సిస్టరమ్మ. ఒక్కొక్క ఫైలు తీసి, ఈమెకు పిల్లలెంతమంది, ఏ ఊరు, రావడానికి బస్సు ఉందా, ఇంట్లో ఎవరు వండుతారు, అన్నీ ఆమె చెప్పేది. అవి విన్నాకే డాక్టర్లు మందు సంగతి మాట్లాడేవారు.

నేను తెలివిగా అడిగాననుకుని, "వీళ్ళల్ల పెద్ద డాక్టరు ఎవరు సిస్టరమ్మా? ఆయన్నే కలుస్త" అన్నాను.

"పెద్ద డాక్టరు బల్లనే అన్నా. పోయి దాన్నే అడుగు" అంది.

బల్ల దగ్గర తేలింది ఇది: ముందు మూడు వారాలకొక సూది, గడ్డ చిన్నగా కావడానికి. తర్వాత ఆపరేషన్, మిగతా సూదులు. తర్వాత కరెంటు. తర్వాత ఏళ్ళ తరబడి మాత్రలు. ప్రతి సూది తారీఖు సిస్టరమ్మ ఎర్ర పెన్నుతో ఫైలు మీద రాసి, అనసూయతో పైకి చదివించేది. "నన్ను నమ్మకు బిడ్డా, తారీఖును నమ్ము" అనేది. "ఏం కాదు" అనే మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. "ఏమైనా కానీ, చూసుకుందం" అనేది. ఆ రెండు మాటలకూ ఎంత తేడానో ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. రెండు సూదులయ్యేసరికి నిమ్మకాయంత గడ్డ చేతికి దొరకడం మానేసింది. మా ఇంటామె తడిమి చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. బిడ్డ బాగైందని ఊరంతా చెప్పుకున్నాను. ఎల్లమ్మకు మొక్కి ఉన్నాను, మొక్కు తీర్చాలి. "తగ్గినంక ఇంక సూదెందుకు బావా, పిల్ల ఉట్టిగనే గుల్లయితది" అని మా బామ్మర్ది కూడా అన్నాడు. మూడో సూది శుక్రవారం. మేం పోలేదు. ఆదివారం యాటపోతును కోసి చుట్టాలను పిలిచాం.

పంక్తి సగంలో ఉండగా ఆటో ఆగింది. గొడుగు, చేతిసంచి పట్టుకుని సిస్టరమ్మ దిగింది. ఆ రోజు ఆమెకు సెలవు. మా బామ్మర్దికి ఆమె ఎవరో తెలియదు.

"రా అక్కా, కూసో. ఏ ఊరు మీది?"

"సంగారెడ్డి."

"అల్లుని దిక్కు చుట్టమా?"

"అందరి దిక్కు" అని చెప్పులు విడిచి పంక్తిలో కూర్చుంది.

విస్తరి వేశారు. నిమ్మళంగా తిన్నది. రెండోసారి కూర వేయించుకుంది. చేయి కడుక్కుని వచ్చి మా ఇంటామెతో, "వదినె, కూర మంచిగైంది. ఇగ చెప్పు, శుక్రవారం ఎందుకు రాలే? సాయంత్రం దాక నీ బిడ్డ మంచం మీద ఎవ్వల్ని కూసోనియ్యలే నేను" అంది.

మా ఇంటామె నా వైపు చూసింది. "తగ్గింది కద సిస్టరమ్మా. చేతికే దొరుకుతలేదు" అన్నాను.

ఆమె కోప్పడలేదు. పక్కన పీట మీద కూర్చుని అడిగింది. "కంపెనీల నీ పని ఏందన్నా?"

"పోత ముక్కలు చూసుడు."

"ఎట్ల చూస్తవ్?"

"సుత్తితోని కొడ్తం. లోపల గాలిబుడగ ఉంటె చప్పుడు తేడా వస్తది. అనుమానముంటె కోసి చూస్తరు."

"పైన నున్నగ మెరుస్తుంటే?"

"అయినా కొట్టాల్సిందే. మెరిసే ముక్కనే ఎక్కువ మోసం చేస్తది" అన్నాను. అన్నాక నా మాట నాకే వినబడింది.

సిస్టరమ్మ చెంబెత్తి నీళ్ళు తాగింది. "మరి నా బిడ్డను పైనుంచి చూసి పాస్ చేసినవేంది?" అంది.

గడ్డ చిన్నగైందంటే మందు పనిచేస్తున్నదని, జబ్బు పోయిందని కాదు, ఇప్పుడు ఆపితే మిగిలింది మళ్ళీ లేస్తుంది, లేస్తే మందుకు లొంగదు అని నిదానంగా చెప్పింది. ఎక్కడ లేస్తుందో కూడా చెప్పింది. ఊపిరితిత్తి, ఎముక. అనసూయ వింటూనే ఉంది. మాటలు ముగియకముందే లోపలికి పోయి ఫైలు తెచ్చుకుని సంచిలో పెట్టుకుంది. సోమవారం పొద్దున మూడో సూది పడింది.

నాలుగు సూదులయ్యాక బల్ల దగ్గరికి మమ్మల్నీ పిలిచారు. రొమ్ము మొత్తం తీసేద్దామని ఆపరేషన్ సారు. గడ్డ ఉన్న మేరకు తీసి మిగతాది ఉంచవచ్చు, కానీ కరెంటుకు ఆరు వారాలు ఒక్క రోజు తప్పకుండా రావాలని కరెంటు సారు. "అంత దూరం నుంచి రోజూ వస్తుందా?" అని ఒకరు, "వస్తే రెండూ సమానమే" అని ఒకరు. పెద్దవాళ్ళు అంత మర్యాదగా, ఒకరి మాట ఒకరు వింటూ వాదించుకోవడం నేను మా కంపెనీలో ఎన్నడూ చూడలేదు. నేను చేతులు జోడించి, "మొత్తం తీసెయ్యిండ్రి సార్, పిల్ల బతికితే చాలు" అన్నాను.

"ఒళ్ళు నీదా, ఆమెదా?" అంది సిస్టరమ్మ చివరి కుర్చీలోంచి.

అందరూ అనసూయ వైపు తిరిగారు. నా బిడ్డ కొంగు మెలిపెడుతూ కూర్చుంది. "రెండూ సమానమే అంటె ఉంచుండ్రి సార్. నేను రోజూ వస్త" అంది. పెళ్ళికి కూడా ఆ పిల్లను ఇష్టమా అని అడిగినవాణ్ణి కాదు నేను. ఆ రోజు సిగ్గుతో, గర్వంతో నా కళ్ళు నిండిపోయాయి.

ఆపరేషన్‌లో తీసిన ముక్కను అద్దం కింద చూస్తే నడిమధ్యన జబ్బు మిగిలే ఉంది. చంకలో రెండు బిళ్ళలకు కూడా పాకి ఉంది. "చూసినవా" అని సిస్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "కోసి చూసినమన్నా. గాలిబుడగ దొరికింది, తీసేసినం" అంది, అంతే. ఎల్లమ్మ పేరు చెప్పి పోగొట్టుకోబోయిన బిడ్డను, ఆ ఆదివారం సెలవు మానుకున్న మనిషి తిరిగి నా చేతిలో పెట్టింది.

మిగిలిన సూదులూ అయ్యాక కరెంటు మొదలైంది. ఆరు వారాలు, శని ఆదివారాలు తప్ప రోజూ. సిస్టరమ్మ సంగారెడ్డి నుంచి పొద్దున బస్సులో పట్నం పోయేది. తాను కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద తన చేతిదస్తీ వేసేది. మన బస్సుల్లో దస్తీ వేస్తే అది సీటు పట్టినట్టే. కానీ ఎక్కిన ఊళ్ళో పట్టడం వేరు, ఎక్కడో పటాన్‌చెరులో ఎక్కే మనిషి కోసం పట్టడం వేరు. ఇస్నాపూర్‌లో షిఫ్టువాళ్ళు ఎక్కేసరికి బస్సు కిక్కిరిసిపోయేది. వాళ్ళతో గొడవ ఎట్లా జరిగేదో కండక్టరే నాకు చెప్పాడు.

"ఏమ్మా, సీటు కొనుక్కున్నవా?" అన్నాడట ఒకతను.

"కొనలే తమ్మీ. పటాన్‌చెరుల మా బిడ్డ ఎక్కుతది. నీకు కాళ్ళు నొస్తే చెప్పు, నా సీట్ల కూసో. దస్తీ మాత్రం లెవ్వదు."

వారం తిరిగేసరికి ఆ షిఫ్టువాళ్ళే కొత్తవాళ్ళను కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. "అది పేషెంటు సీటు భాయ్" అని అడ్డం నిలబడేవాళ్ళు. పటాన్‌చెరు స్టాండులో నేను తోపులాటలో పక్కకు జరిగితే, కిటికీలోంచి సిస్టరమ్మ చేయి బయటికి వచ్చి అనసూయ సంచి అందుకునేది. నేను వెనక నిలబడి పోయేవాణ్ణి. ముందు సీట్లో ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో తెలియదు. ఒక్కరోజూ తప్పలేదు. ఆఖరి రోజు కరెంటు సారు బయటికి వచ్చి, "ఈ ఆస్పత్రి పక్క వీధిలో ఉండేవాళ్ళు కూడా ఇట్లా రారు" అన్నాడు.

ఐదేళ్ళు మాత్రలు మింగింది. మొదట మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి పరీక్ష. పదేళ్ళు నిండాయని పోయిన నెల డాక్టరమ్మ చెప్పింది, ఇక ఏడాదికోసారి వస్తే చాలని. ఆ మాట చెబుదామని సంగారెడ్డి పోతే సిస్టరమ్మ నా మొహం చూసే గ్రహించింది. "ఏందన్నా, మళ్ళ యాటను కోస్తున్నవా?" అంది. "కోస్త సిస్టరమ్మా, మీరొస్తెనే కోస్త" అన్నాను. "నేనొచ్చిన దినం ఎవ్వల్దో ఒకల్ది తారీఖు ఉంటది, చూసుకొని పిలువు" అని నవ్వింది. అదే చివరిసారి చూడడం.

ఈ మధ్య అల్లుడి ఉద్యోగం ఇటు మారాక అనసూయ వాళ్ళు మా ఇంటి పక్కనే ఉంటున్నారు. వెలిమెలలో ఒక కోడలు పిల్లకు ఇదే జబ్బు. ఇంట్లోవాళ్ళు భయపడి వెనక్కి లాగుతుంటే అనసూయే పూనుకుని ఆమెను ఆస్పత్రికి తిప్పుతున్నది. సిస్టరమ్మను మట్టి చేసేది శుక్రవారం మధ్యాహ్నం. ఆ శుక్రవారమే ఆ పిల్ల సూది.

"నువ్వు రావా బిడ్డా?" అని అడిగాను.

"నేను మట్టికొస్తే ఆమెను ఎవరు తోల్కపోతరు నాయినా? వాళ్ళత్త ఇదే సాకని ఆపేస్తది." కొంగుతో మొహం తుడుచుకుని, "నా పేరు మీద నువ్వు మట్టెయ్యి" అని బయలుదేరింది.

నేను ఒక్కణ్ణే సంగారెడ్డి పోయాను. రెండు పిడికిళ్ళు మట్టి వేశాను. కరెంటు సారు వచ్చాడు, జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి, "అనసూయ రాలేదా?" అన్నాడు. "మీ దగ్గరికే పోయింది సార్, ఇంకొకామెను తీసుకొని" అన్నాను. ఆయన నా భుజం మీద చేయి వేసి, చాలాసేపు తీయలేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతున్నది. సూది పడ్డ ఆ వెలిమెల పిల్లకు కడుపులో తిప్పుతుంటే ఇంటికి పంపకుండా అనసూయ మా వాకిట్లోనే మంచం వేసి పడుకోబెట్టింది. అప్పుడే కునుకు పట్టిందట. పడమటి ఎండ ఏటవాలుగా మంచం మీదికి వస్తున్నది. మా బిడ్డ మంచం పట్టె మీద కూర్చుని, మాట్లాడవద్దని నాకు కళ్ళతోనే చెప్పింది. ఎండ జరిగినప్పుడల్లా తానూ జరుగుతున్నది, తన నీడ ఆ పిల్ల మొహం మీదే ఉండేట్టు.