మెట్ల కేసుకు తాళం

మా ఆవిడ లాయర్ల ఆఫీసులో తాళాలు వేస్తుంది. వాచ్‌మన్ పని అనుకునేరు! ముగిసిపోయిన కేసుల ఫైళ్లను కంప్యూటర్లో మూసిపెట్టడం ఆమె ఉద్యోగం. కేసు తేలిపోగానే లాయర్లు ఆ ఫైలును గాలికొదిలేసి ఇంకోదాని మీద పడతారు. ఒకే అర్జీ "ఫైనల్", "అసలు ఫైనల్", "ఇదే ఫైనల్" అన్న పేర్లతో అందులో పడి ఉంటుంది. ఈమె కూర్చుని పనికిరానివి ఏరేసి, పనికొచ్చేవి వరుసలో పెట్టి, ఎన్నాళ్లు దాచాలో తేదీ వేసి, చివరికి మీట నొక్కుతుంది. ఫైలు పేరు పక్కన చిన్న తాళం బొమ్మ పడుతుంది. ఇక ఎవరైనా చదువుకోవచ్చు గానీ అక్షరం మార్చడానికి లేదు. అందుకే ఆఫీసులో ఆమెను తాళాలమ్మ అంటారు.

ఆమెకో నియమం ఉంది. అది సాఫ్ట్‌వేర్‌లో లేదు, సొంతంగా పెట్టుకున్నది. తాళం వేసే ముందు పార్టీకి ఫోన్ చేసి, "మీ కేసు ముగిసిందండీ. ఇక మీరు దాని గురించి ఆలోచించక్కర్లేదు" అని చెబుతుంది. లాయరు చెప్పే ఉంటాడు కదా అని ఒకసారి అడిగాను.

"గెలిచామనో ఓడామనో చెబుతాడండీ. అయిపోయిందని ఎవరూ చెప్పరు" అంది.

ఆ మాట విని కొందరు ఫోన్లోనే ఏడుస్తారట. ఒకాయనైతే, "మరి ఇప్పుడు నాకు నిద్ర పడుతుందంటారా?" అని ఆమెనే అడిగాడట. పట్టే తీరుతుందని హామీ ఇచ్చి వచ్చింది మహాతల్లి.

ఇంత నియమం గల మనిషి ఒక్క ఫైలును మాత్రం మూయకుండా నాన్చింది. అది వాళ్లాఫీసే నడిపిన మా సొంత కేసే.

మా మామగారు కట్టిన ఇంట్లో కింది భాగం మా వదినది, అంటే మా ఆవిడ అక్కది. పై భాగం మాది. మధ్యలో ఉన్న మెట్లు ఎవరివో చెప్పడం ఆయన మరిచిపోయారు. మెట్ల కింద వదిన పాత బీరువా పెట్టింది. మెట్ల మలుపులో మా ఆవిడ పూలకుండీలు పెట్టింది. మాటా మాటా పెరిగింది. మెట్లెక్కాల్సినవాళ్లు కోర్టుకెక్కారని నేను సరదాగా అన్నందుకు ఆ రోజు రెండంతస్తుల్లోనూ నాకు కాఫీ పుట్టలేదు. చివరికి మెట్లు ఇద్దరివీ అని రాజీ కుదిరింది. అక్కాచెల్లెళ్లకు మాత్రం మాటల్లేవు. వదిన ఆ మెట్ల మీద కాలు పెట్టడం మానేసింది. డాబా మీద బట్టలు ఆరేసుకునే హక్కున్నా, వంటింటి కిటికీ ఊచలకే ఆరేసుకునేది. మా ఆవిడేమో రోజూ దిగేటప్పుడు అక్క తలుపు వైపు చూడదు, కానీ అక్కడికి వచ్చేసరికి నడక నెమ్మదిస్తుంది. వెనకాల దిగేవాణ్ణి, నాకు తెలియదా?

ఇలా ఉండగా ఆఫీసులో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెడుతున్నారని కబురొచ్చింది. నెలాఖరులోగా ముగిసిన కేసులన్నిటికీ తాళం పడాలి. లేకపోతే అవి కొత్తదాంట్లో నడుస్తున్న కేసుల్లో కలిసిపోయి, వాయిదా ఎప్పుడని లాయర్లందరి ప్రాణం తీస్తాయట. పెద్ద లాయరు మా ఆవిడను పిలిచి, "అన్నీ అయ్యాయిగానీ మీదే మిగిలిందేంటమ్మా?" అన్నాడు.

మిగలడానికి కారణం ఉంది. మామగారి ఇంటి ప్లాను అసలు కాగితం వదినకు ఇవ్వాలని రాజీలో రాసుకున్నారు. కోర్టు నుంచి తిరిగొచ్చిన ఆ కాగితం మా లాయరు దగ్గరే ఉండిపోయింది. అది ముట్టినట్టు వదిన సంతకం చేసిన రసీదు స్కాన్ చేసి పెడితేగానీ ఫైలుకు తాళం పడదు.

ఆ సాయంత్రం ప్లానూ రసీదూ ఇంటికి తెచ్చి నా ముందు పెట్టింది. "మీరెళ్లి ఇచ్చి రండి" అంది.

"నీ నియమం ఏమైంది?" అన్నాను.

రసీదును ఇంకాస్త నా వైపు జరిపింది. ఆ తర్వాత చెప్పింది. "ఈ ఒక్క పనీ మిగిలుందండీ, అక్క దగ్గరికి వెళ్లడానికి. ఇది కూడా అయిపోతే ఇంకే వంకతో వెళ్లను?"

ఇన్నాళ్లూ పంతం అనుకున్నాను, కాదు, బెంగ. అయినా కాగితాలు పట్టుకుని కిందికి దిగాను. వదిన నన్ను కూర్చోబెట్టి, ప్లాను తీసుకుని కళ్లకద్దుకుంది. రసీదు మాత్రం ముట్టుకోలేదు.

"మరిదిగారూ, మీ ఆవిడ ఊళ్లోవాళ్లందరికీ కేసు అయిపోయిందని ఫోన్ చేసి మరీ చెబుతుందట కదా. నాకెవరు చెబుతారు?" అంది.

పైకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆవిడ మొహం కడుక్కుని, జడ సరిచేసుకుని, పెళ్లిచూపులకు వెళ్తున్నంత బెరుగ్గా దిగింది. నేను మెట్ల మలుపులో పూలకుండీల పక్కన నిలబడ్డాను. చాటుగా వినడం తప్పే, విన్నాను.

తలుపు తీసిన అక్క ఎదురుగా కనిపించేసరికి ఈమెకు ఏం మాట్లాడాలో తోచక, అలవాటైన పాఠం నోట్లోంచి ఊడిపడింది.

"నమస్కారమండీ. మీ కేసు ముగిసిందండీ. ఇక మీరు దాని గురించి ఆలోచించక్కర్లేదు."

మలుపులో నేను తల పట్టుకున్నాను.

"ఏమేవ్, నన్ను పట్టుకుని మీరంటావేంటే? లోపలికి తగలడు" అంది వదిన.

మా ఆవిడ తిరిగొచ్చేసరికి బాగా పొద్దుపోయింది. ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. రసీదు మీద సంతకం లేదు. "కళ్లద్దాలు కనపడలేదట, రేపు రమ్మంది" అంది.

నాది కళ్లద్దాల దుకాణం. ఆ అద్దాలు నేనే చేసిచ్చాను, నేను వెళ్లినప్పుడు ఆవిడ ముక్కు మీదే ఉన్నాయి.

మర్నాడు వెళ్తే కలం రాయడం లేదంది. ఆ మర్నాడు చేతికి పిండి అంటుకుని ఉంది. రోజూ ఏదో ఒకటి. ఈమె రోజూ ఆఫీసు నుంచి రాగానే రసీదు పట్టుకుని కిందికి దిగడం, వాళ్లిద్దరి నవ్వులు పైదాకా వినిపించడం, నా కాఫీ సంగతి దేవుడెరుగు. అటు పెద్ద లాయరు అడిగితే, "పార్టీ ఇంకా సంతకం పెట్టలేదు సార్" అని చల్లగా చెప్పేది. నెలాఖరు ముంచుకొచ్చింది. గడువుకు ముందు రాత్రి రసీదు అక్క దగ్గరే వదిలేసి వచ్చింది. చివరి రోజు పొద్దున ఈమెకు గాబరా పుట్టింది. తెల్లారగట్లే లేచి తయారైంది. "ఇవాళ కూడా పెట్టకపోతే నా ఉద్యోగం మీదికొస్తుందండీ. పెట్టిందంటే రేపటి నుంచి..." అని ఆగిపోయింది.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆగుతూ, ఆయాసపడుతూ, మళ్లీ ఎక్కుతూ. మా ఆవిడ చెప్పులు వేసుకోబోతున్నదల్లా అలాగే నిలబడిపోయింది.

గుమ్మంలో వదిన. ఒక చేతిలో సంతకం పెట్టిన రసీదు, రెండో చేతిలో తడిబట్టల బకెట్టు. రసీదు చెల్లెలి చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది.

"ఏమే, ఇవి ఇంత నిటారుగా ఉన్నాయేంటే?" అంది. "వీటి కోసమా మనం కోర్టుకెళ్లింది?"