ఎనిమిది దూలాల పొదుపు

డెబ్బైల మొదట్లో ఆళ్లగడ్డలో మాది బోదగడ్డి కప్పిన కొట్టం. మా నాన్న బడిపంతులు. మిద్దె కట్టాలని ఏడాదికొకటి చొప్పున ఆత్మకూరు నుంచి టేకు దూలం తెచ్చి ఇంటి వెనక పేర్చేవాడు. మా వైపు ఇల్లు కట్టేవాళ్లు ముందు కొయ్య కూడబెడతారు. ఎనిమిదయ్యాయి, మిద్దెకు అవి చాలు. వాన పడితే పొయ్యి ఆరిపోయే వంటింట్లోంచి అమ్మ వాటిని చూసుకుని మురిసిపోయేది.

ఆ ఏడాది పంతుళ్లకు పైనుంచి హుకుం వచ్చింది, ఊళ్లో ప్రభుత్వ పొదుపు పత్రాలు కొనిపించాలని. నాన్న ఇల్లిల్లూ తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. వాటిని నమ్మింది ఊరు మొత్తానికి ఒక్కడే, మా నాన్న.

"దుడ్లు కూసోని పెరుగుతాంటే ఈ కొయ్యలెందుకే? చెదలు తింటాయి" అన్నాడు.

"టేకుకు చెదలు పట్టవయ్యా" అంది అమ్మ.

పంతులికి చెప్పడమే గానీ వినడం అలవాటుండదు కదా. ఎనిమిదీ బండికెత్తించి నంద్యాలలో కొయ్యల సెట్టికి అమ్మి, ఏడేళ్ల పత్రాలు కొన్నాడు. గడువు తీరాక మిద్దె కట్టినా ఇంకా మిగులుతుందని కాగితం మీద వేసి మరీ చూపించాడు. లెక్కలో తప్పేమీ లేదు. ధరలు తనకోసం ఏడేళ్లు ఆగుతాయనుకున్నాడు, అంతే.

బియ్యం పెరిగింది, కిరసనాయిలు పెరిగింది. పత్రాలు మాత్రం ప్రభుత్వం చెప్పినంతే, పైసా తేడా లేకుండా పెరిగాయి. పాపం, మాట తప్పిందని ఎవరూ అనలేరు.

గడువు తీరాక డబ్బు తీసుకుని నేనూ నాన్నా నంద్యాల వెళ్లాం. నాన్న దర్జాగా ఎనిమిది దూలాలడిగాడు. సెట్టి డబ్బు లెక్కపెట్టి నాలుగు చూపించాడు.

"ఇదేందప్పా! దుడ్లు ఇంత పెరిగినా నాలుగేనా?"

"పెరిగినాయి సారూ, కాదనను. కొయ్య అంతకంటే బేగా పెరిగె. నాకెవురూ పత్రాలమ్మలే, అందుకే కొయ్యే పెట్టుకున్యా."

ఇంటికొచ్చాక అమ్మ ఎన్నొచ్చాయని అడిగింది. నాన్న చెప్పాడు. "వంటింటికి సరిపోతాయిలే" అని ఊరుకుంది. ఆమె తిట్టనందుకు నాకు ఒళ్లు మండింది.

వంటిల్లు ఒక్కటే మిద్దె అయింది. మొదటి వానకు నాన్న పుస్తకాలు చంకన పెట్టుకుని అందులోకి వచ్చాడు. అమ్మ పీట జరిపి చోటిచ్చింది.

"తప్పు చేస్తినే" అన్నాడు. పంతులు నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

"తప్పు నీదే. ఏడేండ్లు తడిపొయ్యి ఊదింది మాత్రం నేను గదయ్యా" అంది అమ్మ.