లంఖణాలు చేసి లావయ్యాను

నాకు రావలసిన మొదటి ప్రమోషన్‌ను నేను తినేశాను. మాటవరసకు అనడం లేదు. పెసరట్లతోనూ బజ్జీలతోనూ, మధ్యలో ఒకపూట చేపల పులుసుతోనూ కలిపి, ముక్క మిగల్చకుండా తిన్నాను. ఆ వైనం చెబుతాను. మీరు నిస్సంకోచంగా నవ్వుకోండి. అప్పట్లో కూడా నేను తప్ప అందరూ నవ్వారు.

అరవైల చివరి సంవత్సరాలు. విజయనగరంలో గుమస్తాగా పనిచేస్తున్నాను. మాది నౌపడ ఉప్పుమళ్ళ పక్క పల్లె. ఉద్యోగం వచ్చిందనగానే మా నాన్న నన్నూ, నా ట్రంకుపెట్టెనూ తన చెల్లెలు పైడమ్మత్త ఇంట్లో దించేసి వెళ్ళిపోయాడు. అత్తకు పిల్లలు లేరు. మావ నెల్లిమర్ల నుంచి గోనెసంచులు తెచ్చి బజారులో అమ్మేవాడు. ఇంట్లో ఆయన మాట్లాడే మాటలకన్నా దుకాణంలో సంచులు చేసే చప్పుడే ఎక్కువ.

అత్త వంట బాగుంటుంది. అయితే ఆ ఇంట్లో ఒక శాసనం ఉంది. హోటల్లో తినకూడదు.

"ఒటేల్లో తినీవోడంటే ఇల్లు లేనోడని అర్తంరా. నీకు ఇల్లు లేదేటి? నాను లేనేటి?" అనేది.

ఉన్నావత్తా, అని బుద్ధిగా కంచం ముందు కూర్చునేవాణ్ణి. అలా కూర్చుని కూర్చుని, ఊళ్ళో ఒక్క హోటల్ గుమ్మమైనా తొక్కకుండా ఏళ్ళు గడిపాను. రోజూ ఆఫీసు నుంచి వస్తుంటే దారి పొడుగునా అట్లు కాలుతున్న వాసన, ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ముక్కు అటు లాగితే కాళ్ళు ఇంటివైపు నడిచేవి.

అలాంటి సమయంలో నాకు హెడ్ గుమస్తాగా ప్రమోషన్ వచ్చింది. ఊరు అనంతపురం. మేముండేది రాష్ట్రానికి ఈ కొస, అది ఆ కొస. బయల్దేరడానికి నెలరోజులు గడువిచ్చారు. అత్త నాకు జీతం పెరుగుతున్నందుకు ఓసారీ, నేను వెళ్ళిపోతున్నందుకు ఓసారీ కళ్ళు తుడుచుకుంది.

ఆఫీసులో నా పక్క కుర్చీ సత్యానిది. నా ఈడువాడే, పెళ్ళి కాలేదు. అద్దె గదిలో ఉంటూ మూడుపూటలా హోటళ్ళలోనే తినేవాడు. ఏ దుకాణంలో ఏ వేళకు ఏది వేడిగా దిగుతుందో వాడికి కంఠతా వచ్చు.

"బావా, అనంతపురంలో ఎవులైనా ఇజీనారంలో ఏటి బాగుంటాదని అడిగితే ఏటి సెప్తావు? మా అత్త వండిన కందా బచ్చలీ అంటావేటి?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. నిజమే. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి, ఈ ఊరి రుచి తెలియకుండా రైలెక్కితే ఎంత అప్రతిష్ట!

"మరేటి సేద్దామంటావు?"

"రోజూ సాయంత్రం ఒక ఒటేలు. నీ జీతానికీ నా జీతానికీ అందినవే. గోడకి మసుండాల, బల్లకి గుడ్డుండకూడదు. అలాటి సోటే రుసుంటాది."

మొదటి సాయంత్రం స్టేషను దగ్గర ఒక పెంకుటిల్లు హోటల్. పెసరట్టు మీద ఉప్మా, దాని మీద అల్లం పచ్చడి. ఒకటి తిన్నాను. రుచి తెలిసింది. తెలిసిన రుచి నిజమో కాదోనని మరొకటి తిన్నాను. సత్యం ప్రోత్సాహంతో ఇంకొకటి. గొంతుదాకా నింపుకుని ఇల్లు చేరేసరికి అత్త కంచం పెట్టి కాచుకుని ఉంది.

అప్పుడు నేను చేయవలసిన పని ఒక్కటే. "అత్తా, సత్యం బలవంతం చేస్తే బయట తిన్నాను" అనడం. అత్త కాసేపు తిట్టేది, తిట్లయ్యాక మజ్జిగ ఇచ్చేది, అక్కడితో తీరిపోయేది. కానీ ఆ వయసులో బుర్ర అలా సులువుగా పనిచేయదు కదా!

"అత్తా, ఆకల్లేదు. కడుపులో అదోలగున్నాది" అన్నాను.

"అదోలగంటే ఎలగరా?"

"బరువుగున్నాది."

ఆ ముక్క మాత్రం పచ్చి నిజం.

మరునాడు గంటస్తంభం దగ్గర మిరపకాయ బజ్జీలు. ఇంటికొస్తే మళ్ళీ "ఆకల్లేదత్తా." ఆ మరునాడు మిలట్రీ హోటల్లో చేపల పులుసు. మళ్ళీ "ఆకల్లేదత్తా." అత్త వాము నీళ్ళు తాగించింది. పులుసు మీద వాము నీళ్ళు పడగానే గర్రుమని త్రేన్పు వచ్చింది. చేపల వాసన తగలకుండా తల పక్కకు తిప్పుకున్నాను. "పాపం, వాంతొస్తన్నట్టున్నాది" అంది అత్త.

తరవాత దిష్టి అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి తగిలిన మనిషికి తీసిన మిరపకాయలు ఘాటు రావంటారు. ఇవి మాత్రం ఇల్లంతా పట్టేసే ఘాటు వచ్చాయి. నేనూ, మావా, గోడ అవతల పక్కింటివాళ్ళూ కూడా దగ్గాం.

"ఐతే దిష్టి కాదు. ఇది రోగమే" అని అత్త తేల్చేసింది.

వైద్యుడు ఆచార్లుగారిని పిలిపించారు. ఆయన నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. నిద్రపోయాడేమోనని మావ దగ్గాడు.

"అన్నం మీద బొత్తిగా ద్వేషం పుట్టిందమ్మా. జఠరాగ్ని చల్లారిపోయింది. లంఖణాలే దీనికి మందు. పొద్దుటా సాయంత్రమూ పల్చగా చోడి అంబలి పొయ్యండి. ఇంకేమీ వద్దు" అన్నాడు.

పొద్దుట కూడానా! ఇంతవరకూ నా అబద్ధం సాయంత్రం భోజనాన్నే మింగుతోంది. ఇప్పుడు పొద్దుటి భోజనాన్ని కూడా పట్టుకుపోయింది. మావ నా ఎదురుగా ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని తింటుంటే, నేను గ్లాసులో ఆ రాగి అంబలి చూసుకుంటూ కూర్చున్నాను. తిరిగి సత్యం దగ్గరే మొరపెట్టుకున్నాను.

"మంచిదే కదేటి బావా! పొద్దుట టిపినీలు నీకెలగ తినిపించాలా అని బెంగెట్టుకున్నాను" అన్నాడు.

దాంతో పొద్దుట ఆఫీసుకు వెళుతూ ఇడ్లీలు, దిబ్బరొట్టెలు, మధ్యాహ్నం పూటకూళ్ళ భోజనం, సాయంత్రం మా యాత్ర యథాప్రకారం. లంఖణాలు మొదలుపెట్టాక నేను తిన్నంతగా ఆ జిల్లాలో పెళ్ళివారు కూడా తిని ఉండరు. వారం తిరిగేసరికి చొక్కా గుండీలు పట్టడం మానేశాయి. బుగ్గలు వచ్చాయి. అద్దంలో చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆ ఆదివారం పొద్దుట వాకిట్లో గెడ్డం గీసుకుంటుంటే అత్త నా ముఖం కేసి చూసి చెంబు వదిలేసింది.

"ఒరే సూరీ! మొకం ఉబ్బినాదిరా!"

వచ్చి నా బుగ్గ వేలితో నొక్కి చూసింది. "అమ్మో అమ్మో, నీరట్టేసినాది. కడుపులోకి అంబలి తప్ప ఏటీ ఎల్లడం లేదు, ఒళ్ళు సూస్తే ఇలగ పొంగతన్నాది. ఇదేటి పెద్దరోగమో!"

మావ అరుగు మీద నుంచి మెల్లగా, "రోగమొచ్చినోడు సన్నబడతాడు గానీ..." అన్నాడు.

"నీకేటి తెలుసు? నువ్వెల్లి గోనిలు దులుపుకో!"

మావ వెళ్ళి గోనెలు దులుపుకున్నాడు. ఆ ఇంట్లో కాస్త నిజం దగ్గరికి వచ్చినవాడు ఆయనొక్కడే.

ఆచార్లుగారు మళ్ళీ వచ్చి, నా పాదాలు నొక్కి, ఉప్పు మాన్పించమన్నాడు. ఉప్పుమళ్ళ గట్ల మీద పుట్టి పెరిగిన నాకు ఉప్పు లేని అంబలి! సాయంత్రం సత్యం నాకు కారప్పూస ఇప్పించి ఓదార్చాడు.

అసలు కొంప అంటుకున్నది ఆ తరవాత. ఒకరోజు మధ్యాహ్నం నేనూ సత్యం పూటకూళ్ళింట్లో ఉలవచారు జుర్రుతున్న వేళ, పైడమ్మత్త చెంగు బిగించి, రిక్షా కట్టించుకుని తిన్నగా మా ఆఫీసుకు వెళ్ళింది. ఆఫీసరుగారి గదిలోకి పోయి ఆయన బల్ల ముందు నిలబడి ఏడ్చింది. నేను మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన నన్ను పిలిచాడు. గుంటూరు వైపు మనిషి, మెత్తటివాడు. ఆయన కళ్ళు కూడా తడిగా ఉన్నాయి.

"ఏమయ్యా, ఇంత జబ్బు పెట్టుకుని నాతో ఒక్క మాటైనా అనలేదేం? మీ అత్తగారు చెప్పేదాకా నాకు తెలీలేదు. అవును, ముఖం బాగా నీరు పట్టింది."

"అయ్యా, నాకే జబ్బూ లేదండి. గుండ్రాయిలా ఉన్నానండి."

"అదిగో! ఆవిడ ముందే చెప్పింది. ప్రమోషన్ పోతుందని నువ్వు ఇలాగే అంటావుట. ఉద్యోగం ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా? అంత దూరంలో నీకు అంబలి కాచి పోసేదెవరు? నేను పైవాళ్ళకు రాస్తాలే. నిన్ను ఇక్కడే ఉంచేస్తారు."

"అయ్యా, నన్ను పంపించండయ్యా!"

"కూర్చో, ఆయాసపడకు" అని ఆయన స్వయంగా లేచి ఫ్యాను వేశాడు.

ఆ ఫ్యాను గాలిలో నా హెడ్ గుమస్తా ఉద్యోగం ఎగిరిపోయింది. తరవాతి వారం ఉత్తర్వు మారి వచ్చింది. నన్ను విజయనగరంలోనే ఉంచారు. అనంతపురం చోటు మాత్రం ఖాళీగా ఉండకూడదు కదా! ఆరోగ్యవంతుడెవరని చూసి, సత్యాన్ని వేశారు. ప్రమోషన్‌తో సహా.

ఆ సాయంత్రం నాకు హఠాత్తుగా సత్యం మీద, అంటే మనిషి మీద కాదు, నిజం మీద భక్తి కలిగింది. వాణ్ణి రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. అత్తను కూర్చోబెట్టి అంతా చెప్పేశాను.

"అత్తా, నాకు రోగం లేదు. ఇన్నాళ్ళూ నీకు అబద్దం సెప్పినాను. ఒటేళ్ళలో తింతన్నాను. స్టేషన్ కాడ పెసరట్టు తిన్నాను. గంటస్తంబం కాడ బజ్జీలు తిన్నాను. మిలట్రీ ఒటేల్లో సేపల పులుసు రెండుసార్లు పోయించుకున్నాను. ఇయాల మద్యాన్నం ఉలవచారు తాగినాను. అందుకే లావైనాను!"

అత్త లేచి వచ్చింది. నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఆ తరవాత గొల్లుమంది.

"అయ్యో నా నాయినా! తిండికి ఎంత మొకం వాసిపోనావురా! ఉప్పు లేని అంబలి తాగతా పగలే కలలు కంతన్నాడు. ఏవయ్యా, ఇటు రా, గుంటడికి సందికొట్టినాది!"

"కల కాదత్తా! సత్యం నా పక్కనే కూసుని తిన్నాడు. అడుగు! ఒరే సత్తిం, సెప్పరా!"

అందరం సత్యం వైపు తిరిగాం. వాడు నా వైపు చూశాడు. ఆ చూపులో స్నేహం ఉంది, జాలి ఉంది. అనంతపురంలో హెడ్ గుమస్తా కుర్చీ కూడా ఉంది. నెమ్మదిగా తల వంచుకుని,

"ఏటో పిన్నిగారూ, సానా రోజులై ఇలగే మాటాడతన్నాడు. బాగా సూసుకోండి" అన్నాడు.

మావ అరుగు మీద తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి, ఏడుస్తున్నాడనుకుంది అత్త.

సత్యం వెళ్ళిపోయాడు. స్టేషనుకు వెళ్ళి సాగనంపాను కూడా. రైలు కదులుతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి, "బావా, రాజాబజారు ఎనకాల పునుగులు మిగిలిపోనాయి, నువ్వు తినీ!" అన్నాడు.

సరే, ప్రమోషన్ ఎలాగూ పోయింది, పునుగులైనా దక్కించుకుందామని మరునాడు వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చోగానే దుకాణదారుడు నన్ను తేరిపార చూసి, చేతిలోని చిల్లుల గరిటె కింద పెట్టాడు.

"పైడమ్మగారి మేనల్లుడివి నువ్వేనా బాబూ? లెగు, ఇంటికెల్లిపో."

"ఏం?"

"నీకు పునుగెడితే పేణం పోతాదని నిన్న మీ అత్తగారొచ్చి సెప్పినారు. సేతులట్టుకుని బతిమాలినారు బాబూ."

స్టేషను దగ్గరికి పరుగెత్తాను. అక్కడా లెగు బాబూ. గంటస్తంభం దగ్గరా లెగు బాబూ. మిలట్రీ హోటల్లో అయితే యజమానే చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దింపాడు. నేను ఏయే చోట్ల ఏమేం తిన్నానో గుర్తులతో సహా అత్తకు అప్పజెప్పాను కదా! ఆశపడి ఎప్పుడైనా అక్కడికి పోతానేమోనని, నేను చెప్పినవీ చెప్పనివీ ఒక్కటీ వదలకుండా ఊళ్ళో అన్నిటికీ తిరిగి వచ్చింది. కనీసం కాఫీ కూడా పుట్టలేదు.

ఇక నిజమైన లంఖణాలు మొదలయ్యాయి. ఉప్పు లేని అంబలి మీద నెల తిరిగేసరికి బుగ్గలు పీక్కుపోయాయి, చొక్కాలో ఇద్దరం పట్టేటట్టు తయారయ్యాను. అత్త నన్ను వెలుతురులో నిలబెట్టి చూసి పొంగిపోయింది.

"నీరంతా తీసేసినాది! ఇప్పుడు మనిసిలగున్నావు!"

ఆచార్లుగారికి పట్టుపంచె పెట్టింది.

ఆ రోజు ముద్దపప్పు కలిపిన మొదటి ముద్ద చేతిలో పట్టుకుని, అన్నం సాక్షిగా ఒక ప్రతిజ్ఞ చేశాను. బయట ఎంత మెక్కి వచ్చినా సరే, ఇంట్లో కంచం పెడితే ఆకలి లేదనే మాట ఈ నోటివెంట రాదు, కూర్చుని మళ్ళీ మొదటినుంచీ తింటాను అని. ఈనాటిదాకా తప్పలేదు. పెళ్ళిళ్ళలో భోంచేసి వచ్చి కూడా తింటున్నాను. కడుపు నిజంగా నొప్పి పెట్టినప్పుడైతే ఒక ముద్ద ఎక్కువే తింటాను.