ప్రభావతి వేసిన అంకెలు

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో బందరులో గడియారాలు బాగుచేసే రహంతుల్లా, సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికి రాగానే మేడమీద గదిలో, టిక్కులతో అక్షరాలు పంపే మోర్స్ మీట ముందు కూర్చునేవాడు. దూరదేశాలవాళ్లతో సరదాగా మాట్లాడుకునే, సర్కారు లైసెన్సున్న హామ్ రేడియో ఆయనది. జపానువాళ్లూ, బల్గేరియావాళ్లూ పలికేవారు. ఇంట్లోవాళ్లు మాత్రం అదేమిటని ఒక్కనాడూ అడగలేదు. అందుకే పక్కింటి ప్రభావతి వచ్చి, "మా రేడియోలో వార్తల మధ్య టిక్కుటిక్కుమనేది మీరేనా అండీ?" అంటే, నొచ్చుకోవాల్సింది పోయి సంబరపడ్డాడు.

ఎవరితో ఏం మాట్లాడిందీ రాసుకునే లాగ్‌బుక్ తెరిచి చూపించాడు. సీక్యూ అంటే ఎవరైనా ఉన్నారా అని పిలుపు. డబ్ల్యూఎక్స్ అంటే వాతావరణం. ఐదు తొమ్మిది తొమ్మిది అంటే నీ సంకేతం స్పష్టంగా, గట్టిగా, శుద్ధంగా వినపడుతోందని. మొదటి అంకె ఐదుకి, మిగతా రెండూ తొమ్మిదికి.

ఆమె మోర్స్ అక్షరాలు రాయించుకుని వెళ్లింది. వానాకాలానికి టిక్కులన్నీ అర్థం కాసాగాయి. ఓ సాయంత్రం జోరువానలో గొడుగేసుకుని వచ్చింది.

"రహంతుల్లా గారూ, జపానాయనతో ఆకాశం నిర్మలంగా ఉందన్నారేంటండీ?"

"అందరూ అలాగే అంటారమ్మా. మర్యాద."

"ఆయన పేరు వినపడక మూడుసార్లు అడిగారు. చివరికి ఐదు తొమ్మిది తొమ్మిది అన్నారు. అదీ మర్యాదేనా?"

రహంతుల్లా లాగ్ తిరగేశాడు. ప్రతి గడిలోనూ ఐదు తొమ్మిది తొమ్మిదే. ఆ లాగ్ ప్రకారం బందరులో ఇన్నేళ్లుగా ఒక్క చుక్క వాన పడలేదు.

మర్నాటి నుంచి నిజమే పంపాడు. వాన, మురుక్కాలవ పొంగింది, నీ సంకేతం నత్తిగా ఉంది. జపానాయన మాయమైపోయాడు. బల్గేరియా ఆయన మాత్రం తన పైకప్పూ కారుతోందనీ, భార్యతో మాటల్లేవనీ ఒప్పుకున్నాడు.

ప్రభావతి అక్కడితో ఆగలేదు. మనుషుల మాటలకీ అంకెలు వెయ్యసాగింది. చేపలమ్మే ఆవిడకి ఐదు తొమ్మిది నాలుగు. కోడూరులో పొలం చూసుకొచ్చి గొణుగుతూ మాట్లాడే మొగుడు శివరామయ్యకి రెండు మూడు రెండు.

శివరామయ్య రహంతుల్లా కొట్టుకి వచ్చి నిలబడ్డాడు. "కాఫీ అడిగితే మళ్లీ పంపమంటోందండీ. మా రేడియోలోకి మీరు రాకుండా చెయ్యలేరా?"

ఆయన బాధ చూడలేక రహంతుల్లా గుడివాడ వెళ్లి రాగితీగ కొనుక్కొచ్చి, పక్కింటి రేడియోలోకి టిక్కులు పోకుండా ఫిల్టరు చుట్టి యంత్రానికి బిగించాడు. టిక్కులు ఆగిపోయాయి. తర్వాత ఎవరితో మాట్లాడినా ఆయనకి చెయ్యి ఆడలేదు. తప్పు పంపినా అడిగేవాళ్లు లేరు.

కొన్నాళ్లకి ప్రభావతి రేడియో పట్టుకుని కొట్టుకొచ్చింది.

"వార్తలొస్తున్నాయండీ, మీరే రావడం లేదు. ఏదో పాడైనట్టుంది, కాస్త చూడండి."

రహంతుల్లా దాన్ని విప్పి, దుమ్ము దులిపి ఇచ్చేశాడు. ఇంటికెళ్లి ఫిల్టరు ఊడదీశాడు. ఆ సంగతి శివరామయ్యకి తనే చెప్పాడు. అప్పట్నుంచి శివరామయ్య ఇంట్లో ఏం కావాలన్నా పలకమీద రాసి చూపిస్తున్నాడని వీధిలో చెప్పుకున్నారు. ఆయన దస్తూరీకి ఏ అంకెలు పడ్డాయో ఎవరికీ తెలియదు.