పుంగనూరు రాళ్ల మీది బాణాలు

మా భూగర్భశాస్త్రం సారు పోయారని ఆయన భార్య మదనపల్లె నుంచి ఫోన్ చేశారు. నేను కుప్పం బస్టాండులో ఉన్నాను. ఎక్కాల్సిన బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది. ఇన్నేళ్లు పేపరుకు మరణవార్తలు రాసినవాణ్ణి, సారు భార్యను, మేం అమ్మా అని పిలిచే ఆమెను, ముందు ఏం అడగాలో తోచలేదు.

రిటైరయ్యాక సారు ఒకే పని పెట్టుకున్నారు. పుంగనూరు, కుప్పం గుట్టల్లో నల్లరాతికి డ్రిల్లు పెట్టి, బొటనవేలంత లావు కడ్డీలు తీసేవారు. ఆ రాయి ఒకప్పుడు కరిగిన ముద్ద. అది చల్లారేటప్పుడు, భూమి అయస్కాంతం అప్పట్లో ఎటు లాగేదో ఆ దిక్కు లోపలి ఇనుప రేణువుల్లో నిలిచిపోతుందట. కొన్ని కాలాల్లో దిక్సూచి ముల్లు ఉత్తరానికి బదులు దక్షిణం చూపేదట. అది నాకు ఎన్నడూ సరిగ్గా బోధపడలేదు.

"అర్థం కాలేదనే పేపర్లో రాయప్పా. అయినట్టు మాత్రం రాయొద్దు" అనేవారు.

అడుగున బండకు అంటుకుని ఉన్న కడ్డీని విరిచే ముందు దాని నెత్తిన మైనపు పెన్సిలుతో ఉత్తరానికి బాణం గీసేవారు. నేను తొందరపడితే, "బాణం లేకుంటే ఇది కంకరప్పా" అని నవ్వేవారు.

కర్మల నాటికి వెళ్లాను. మైల తీరాలని ఇల్లంతా కడిగారు. అమ్మ వాళ్లక్క ఆ రాతి కడ్డీలను కూడా సబ్బుతో తోమి ఎండబెట్టింది. ల్యాబులో కొలవడానికి పంపాల్సిన రాళ్లవి. సంచుల మీద ఊరిపేర్లు ఉన్నాయి, రాళ్ల మీద బాణాలు లేవు.

"ఏమ్మే, సావింట్లో రాళ్లకు మాత్రం మైలుండదా?" అంది అక్క.

"ఆయన గీసిన గీతలు కూడా మైలేనాక్కా?" అని అమ్మ నా వైపు తిరిగారు. "వీటిల్లో దిక్కు ఇంగా ఉండాదా అప్పా, పోయిందా?"

"లోపల ఉండాదమ్మా. రాయి ఎటు తిరిగి ఉండెనో తెలీదు."

"ఉండాదంటాడు, తెలీదంటాడు. పేపరోళ్ల మాటంతా ఇంతే" అంది అక్క.

అమ్మ ఒక కడ్డీ అడుగు తడిమి చూశారు. "ఇరిగిన పక్క దాని బొక్కలో సరిగ్గా కూసుంటాది గదా. పా, పోయి సూద్దాం."

మర్నాడు, పుంగనూరు సంచి తీసుకుని, సారుతో నేను తిరిగిన గుట్టకే వెళ్లాం. అమ్మ బండ మీద కూర్చుని కడ్డీని రంధ్రంలోకి దించి మెల్లగా తిప్పారు. ఒకచోట ఆగింది. "ఈడే" అన్నారు. నమ్మకం కుదరక మళ్లీ తిప్పారు. ఇంకోచోటా అంతే సరిగ్గా ఆగింది.

నన్ను చూశారు. ఆమె మళ్లీ మొదటి నుంచి తిప్పసాగారు. రాయి రాయిని రాసుకునే సన్నటి చప్పుడు.